ఊరికే ఉన్న ఉద్యోగం

ఆ రోజు ఉదయం లిఫ్టాయన పెట్టుకున్న పని ఒక్కటే. "ప్రజల భద్రత కోసమండి" అనే మాట తడబడకుండా చెప్పడం నేర్చుకోవాలి. మూడంటే మూడు ముక్కలు. మాటలొచ్చిన ఏ పసిపిల్లయినా ఒక పూటలో అప్పజెప్పేస్తుంది. ఈయన మాత్రం పళ్ళు తోముకుంటూ చెప్పుకున్నాడు, స్నానం చేస్తూ చెప్పుకున్నాడు, గడ్డం గీసుకుంటూ చెప్పుకున్నాడు. సరిగ్గా "భద్రత" దగ్గర బ్లేడు జారి చెంప తెగింది.

"ఏదీ, ఇటు తిరగండి," అంటూ భార్య చెంపకి దూది అద్దింది. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు లావు చేసి అడిగింది. "ఏమయ్యా, నువ్వెందుకున్నావిక్కడ?"

"ఊ..." అన్నాడు లిఫ్టాయన.

"అదిగో! మళ్ళీ అదే! ఇవాళ మీ నోట్లోంచి ఆ దిక్కుమాలిన మాట వచ్చిందో, మనం రోడ్డు మీదే! చెప్తున్నా!"

ఆ దిక్కుమాలిన మాట "ఊరికే". ఎందుకలా గోడకేసి చూస్తున్నారంటే ఊరికే. ఎందుకు నవ్వారంటే ఊరికే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి "ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు చేసుకున్నారు?" అని అడిగితే, ఈ మహానుభావుడు పైకప్పు వంక చూస్తూ చాలాసేపు ఆలోచించి, "ఊరికే" అన్నాడు. ఆ మాట ఆవిడకి ఈనాటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నిజానికి ఆయన మనసులో ఉన్నది వేరు. ఈ మనిషిని చేసుకోవడానికి వేరే కారణం అక్కర్లేదని ఆయన ఉద్దేశం. కానీ అంత పొడుగు మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, వచ్చేదాకా ఆవిడ ఎప్పుడూ ఆగలేదు.

ఇప్పుడు ఆ మాట కొంప ముంచేలా ఉంది. ఆఫీసుకి తనిఖీ అధికారి వస్తున్నాడు. అక్కరలేని ఉద్యోగాలు ఏరి తీసెయ్యడం అతని పని. వెళ్ళిన ప్రతిచోటా సాయంత్రానికి సగం కుర్చీలు ఖాళీ చేయిస్తాడని చెప్పుకుంటారు. అందుకే అతనికి "కత్తెర" అని పేరు పడింది. కత్తెర అడిగేది ఒక్కటే ప్రశ్న: మీరెందుకున్నారు? సరైన జవాబు వస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. లిఫ్టాయనకి రిటైరయ్యే వయసు ఇంకా రాలేదు, ఇంకొకరు పిలిచి పనిచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఉన్నది అద్దె ఇల్లు. భార్యకి మోకాళ్ళ నొప్పులు. ఈ జీతం ఆగితే ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు, తెలియదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు. లిఫ్టాయనకి భయంగా ఉంది. చెంప మీద దూదితోనే బయలుదేరాడు.

ఆ ఆఫీసు గురించి ఒక్క ముక్క చెప్పాలి. రెండు శాఖల మధ్య సమన్వయం కుదర్చడానికి దాన్ని పెట్టారు. ఆ రెండు శాఖలూ ఒకటైపోయి చాలా కాలమైంది. ఒకటైపోయాయన్న సంగతి వీళ్ళకి తెలియజేసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. కాబట్టి ఫైళ్ళు కింది అంతస్తులో పుడతాయి, లిఫ్టెక్కి ఐదో అంతస్తుకి వెళ్తాయి, అక్కడ మేనేజరు గారి సంతకం చేయించుకుని మళ్ళీ లిఫ్టెక్కి కిందికొస్తాయి. వచ్చి బీరువాలో పడుకుంటాయి. లిఫ్టు కూడా ఒకప్పటిది కాదు. ఎవరి మీట వాళ్ళే నొక్కుకోవచ్చు. అయినా లిఫ్టాయన లోపల స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళని "పైకా, కిందికా?" అని అడిగి, వాళ్ళు చెప్పింది నొక్కుతుంటాడు. ఉన్నవి రెండే దిక్కులు గనక పొరపాట్లు తక్కువ.

ఆ ఉదయం ఆఫీసంతా పరీక్ష రోజు బడిలా ఉంది. టెలిఫోన్ దగ్గర కూర్చునే ఆవిడ, ఫోను చచ్చి ఎంతకాలమైందో ఆవిడకే గుర్తులేదు, "సమాచార వ్యవస్థకు వెన్నెముక" అని కళ్ళు మూసుకుని వల్లిస్తోంది. నాలుగో అంతస్తులో పెద్ద గుమాస్తా తన వాక్యాన్ని ఎంత పొడుగ్గా తయారు చేసుకున్నాడంటే, మధ్యలో ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో కూడా గుర్తులు పెట్టుకున్నాడు. మేనేజరు గారు తలుపేసుకున్నారు. లోపల్నుంచి "నేను లేకపోతే..." అని గట్టిగా వినిపిస్తోంది. ఆ తర్వాత ఏమీ వినిపించడం లేదు.

అప్పుడు ఒక మనిషి లిఫ్టెక్కాడు. వెలిసిన చొక్కా, భుజాన సంచీ, చేతిలో ఫ్లాస్కు. ఎక్కీ ఎక్కగానే తలెత్తి లిఫ్టు పైకప్పునీ, గోడల్నీ, మీటల్నీ ఒక్కొక్కటిగా పరిశీలించాడు. లిఫ్టాయన ముఖం విప్పారింది. ఆ లిఫ్టుకి మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయే రోగం ఉంది. మెకానిక్‌ని పంపండి బాబూ అని ఆయన మొత్తుకోని రోజు లేదు.

"వచ్చారా! ఎన్నాళ్ళకండీ బాబూ! రండి రండి, మీరే చూద్దురుగాని దీని తిక్క," అని ఐదు నొక్కాడు. లిఫ్టు బుద్ధిగా మూడు దాటింది. దాటి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

"చూశారా?" అన్నాడు లిఫ్టాయన, ఎంతో గర్వంగా.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు వచ్చినాయన.

"చేసేదేముంది, దానంతటదే కదులుతుంది. మీరు కూర్చోండి," అని తన స్టూలు ఇచ్చాడు. ఆయన కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి మూతలో సగం లిఫ్టాయనకిచ్చాడు. పైన ఫ్యాను గరగరమంటోంది. ఇక్కడికి ఎవరూ పిలవలేరు. పైకి వెళ్ళక్కర్లేదు, కిందికి వెళ్ళక్కర్లేదు. లిఫ్టాయనకి ఒక్కసారిగా ప్రాణం హాయిగా అనిపించింది. ఈ హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన ఆరా తీయలేదు, టీ తాగాడు.

"మీరిక్కడ ఏం చేస్తుంటారు?" అని అడిగాడు వచ్చినాయన.

పనిచేసుకునేవాడు పనిచేసుకునేవాణ్ణి అడుగుతున్నాడు, దాపరికం ఎందుకు? "నిజం చెప్పాలంటే, ఊరికే ఉంటానండి," అన్నాడు లిఫ్టాయన.

ఆయన తాగుతున్న టీ ఆపాడు. "ఊరికేనా?"

"ఊరికే. వెనకటి లిఫ్టుకైతే పనుండేది. ఈ మీటలొచ్చాక అంతా ఊరికే."

"ఇన్నేళ్ళుగా? ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎవరంటారండి? వాళ్ళ సొమ్మేం పోయింది?"

"మరి ఇంట్లో ఒప్పుకున్నారా?"

"ఆ మాటెత్తకండి. మా ఆవిడకి ఊరికే అంటే ఒళ్ళు మంట."

"మానెయ్యొచ్చు కదా?"

"మానేసి?" అన్నాడు లిఫ్టాయన. వెటకారమేమీ లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

వచ్చినాయన ముఖం అదోలా అయిపోయింది. "మానేసి," అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. "ఎన్ని ఆఫీసులు తిరిగానో మీకు తెలియదు. ఎందుకున్నారని అడిగితే అందరి దగ్గరా జవాబు రెడీగా ఉంటుంది. సంస్థ కోసం అంటారు. జనం కోసం అంటారు. పిల్లల కోసం అంటారు. అన్నీ విని ఇంటికెళ్ళి పడుకుంటే ఒక్కటీ నిజమనిపించదు. జీతం రాళ్ళు తీసుకోకుండా, ఏమీ ఆశించకుండా, రోజూ వచ్చి తన కుర్చీలో తను కూర్చునేవాడు... నేనొక్కణ్ణే అనుకున్నాను."

పైన ఫ్యాను గరగర. ఆ చివరి మాటల్లో సగం లిఫ్టాయన చెవిన పడలేదు, పడిన సగం అర్థం కాలేదు. మెకానిక్కులకి ఈమధ్య కష్టాలెక్కువైనట్టున్నాయి పాపం అనుకున్నాడు.

"సంతోషంగా ఉన్నారా మీరు?" అని అడిగాడు వచ్చినాయన.

"ఇప్పుడా? ఇప్పుడు బాగానే ఉందండి," అని, మర్యాదకి తనూ ఒకటి అడగాలని, "మరి ఎప్పుడు బాగుచేస్తారు దీన్ని?" అన్నాడు.

"నేనా? నేను బాగుచేసేవాణ్ణి కాదండీ. తీసేసేవాణ్ణి."

"లిఫ్టునా?"

"మనుషుల్ని."

లిఫ్టాయన పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో మూత జారి పడింది. కత్తెర! పొద్దున్నుంచీ బట్టీ పట్టినదంతా ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చింది. అటెన్షన్‌లో నిలబడి, మూడుకీ నాలుగుకీ మధ్య వేలాడుతున్న ఆ డబ్బాలో, "ప్రజల భద్రత కోసమండి!" అని అరిచాడు.

"అక్కర్లేదు," అన్నాడు కత్తెర, ఆయన భుజం తట్టి. "మొదటిసారి చెప్పిందే చాలు. ఊరికే అన్నారు చూశారూ, అంతకు మించిన జవాబు నేనింతవరకూ వినలేదు. మీ పోస్టు ఎవరు తీస్తారో నేనూ చూస్తాను!"

సరిగ్గా ఆ సమయానికి నాలుగో అంతస్తులో పెద్ద గుమాస్తా లిఫ్టు తలుపుకి చెవి ఆనించి ఉన్నాడు. ఆయనకి తలుపులకి చెవి ఆనించే అలవాటు మొదట్నుంచీ ఉంది, ఆ అలవాటుతోనే గుమాస్తా నుంచి పెద్ద గుమాస్తా అయ్యాడు. ఫ్యాను గోలలో ఆయనకి వినబడినవి రెండు ముక్కలు. ఒకటి ఊరికే, రెండోది మీ పోస్టు ఎవరు తీస్తారో. చాలు. లిఫ్టు మళ్ళీ కదిలేలోపల ఆయన మెట్లన్నీ ఎక్కి దిగాడు, ఆఫీసులో ప్రతి చెవిలోనూ ఊదాడు: "బట్టీలన్నీ అవతల పారెయ్యండి! ఊరికే అనండి. అదే మందు!"

అంతే. టెలిఫోన్ ఆవిడ వెన్నెముకని వదిలేసింది. "మీరెందుకున్నారమ్మా?" అంటే "ఊరికేనండి" అంది, ఆ మాట ఇంత సులువుగా ఉంటుందా అని తనే ఆశ్చర్యపోతూ. పెద్ద గుమాస్తా "ఊరికే" అన్నాడు, కాకపోతే గుర్తులు పెట్టుకున్న చోట ఊపిరి పీల్చి మరీ అన్నాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నకొద్దీ కత్తెర నడక తడబడింది. మేనేజరు గారైతే కింది ఉద్యోగుల కంటే ఒక మెట్టు పైనుండాలి గనక, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "నేను చేరిన మొదటి రోజు నుంచీ ఊరికేనండి! ఒక్క పూట కూడా వేరేగా లేను!" అన్నారు.

కత్తెర అందర్నీ ఐదో అంతస్తు హాల్లోకి పిలిచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "ఇలాంటి ఆఫీసు భూమ్మీద ఉంటుందని నేననుకోలేదు," అన్నాడు. "ఇంతమంది, ఇన్నేళ్ళుగా, పైసా జీతం ముట్టకుండా ఊరికే పనిచేస్తున్నారంటే..."

అందరూ కలిసి లిఫ్టాయన వంక చూశారు. లిఫ్టాయన తన చెప్పుల వంక చూశాడు. ఆ ఊరికే ఈ ఊరికే అయి కూర్చుందని ఆయనకి అప్పుడు వెలిగింది.

"ఒకవేళ నేను పొరపాటుగా అర్థం చేసుకునుంటే చెప్పండి," అన్నాడు కత్తెర. "జీతం తీసుకుంటూ, ఏ కారణమూ లేకుండా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఆ పోస్టు ఇప్పుడే రద్దు చేస్తాను. బలవంతం లేదు. మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది."

అంత స్వేచ్ఛ ఆ ఆఫీసులో ఎవరికీ ఎప్పుడూ దొరకలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు.

కత్తెర సంచీ సర్దుకుంటుంటే మేనేజరు గారు లిఫ్టాయన రెక్క పట్టుకుని మూలకి లాగారు. "నువ్వేనయ్యా మా కొంపలార్పింది! సరే, అయిందేదో అయింది. జీతం వద్దన్నంత మాత్రాన ఆగిపోతుందా? ఆపాలంటే ఫైలు కదలాలి. మన ఫైలు ఏనాడైనా కదిలిందా? అదే మనకి రక్ష. పైగా మనమంతా జీతం వద్దంటున్నామన్న సంగతి ఆయన కంటే ముందు నేనే నా గదిలో ఫోనులోంచి హెడ్డాఫీసుకి చెప్తే, ఘనత నాకు వస్తుంది. ఏమంటావు?"

"వద్దండీ, నేనాయన్ని దింపేటప్పుడు నిజం చెప్పేస్తాను. కాళ్ళు పట్టుకునైనా సరే," అన్నాడు లిఫ్టాయన.

"అయితే నువ్వొచ్చేదాకా ఫోను ముట్టను. త్వరగా తేల్చుకురా."

లిఫ్టు దిగడం మొదలుపెట్టింది. లిఫ్టాయన నీళ్ళు నమిలాడు. "అయ్యా, ఊరికే అంటే ఆ ఊరికే కాదండి. జీతం తీసుకుంటాను. అది లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నేనన్నది... ఏ కారణమూ లేకుండా, ఊరికే, అని."

కత్తెర కోప్పడతాడనుకున్నాడు. కత్తెర కోప్పడలేదు. గాలి తీసేసినట్టు గోడకి జారగిలబడ్డాడు. "అయితే నేనొక్కణ్ణే అన్నమాట," అన్నాడు.

"మీరొక్కరే ఏమిటండీ?"

"ఊరికే పనిచేసేవాణ్ణి. అక్కరలేని పోస్టులు ఏరమన్నారు. ఏరి, ఏరి, చివరికి నా పోస్టు ఎందుకో నాకే తెలియక అదీ రాసిచ్చాను. నా రిపోర్టుని వాళ్ళు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. మీ ఆఫీసుకి తాకీదు అంతకు ముందే వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, అధికారం లేదు. ఇంట్లో ఊరికి వెళ్తున్నానని చెప్పి, ఇలా ఊరికే తిరుగుతున్నాను."

"అంటే... మా ఉద్యోగాలు?" అన్నాడు లిఫ్టాయన.

"వాటికేం? నేను తీయలేను, ఉంచలేను." కింది అంతస్తు వచ్చింది. కత్తెర దిగాడు. రెండడుగులేసి వెనక్కి తిరిగి, "రేపు ఎక్కడికి వెళ్ళాలో తోచడం లేదండీ," అన్నాడు. లిఫ్టాయనకి ఆ మనిషిని చూస్తే జాలేసింది. కానీ ఆగే సమయమా అది? వెంటనే ఐదు నొక్కాడు. ఉద్యోగం ఉంది! జీతం ఉంది! ఫోన్ చేయొద్దని చెప్పేస్తే అంతా ఎప్పటిలాగే ఉంటుంది!

మూడు దాటాక లిఫ్టు మూలిగి ఆగింది.

పొద్దున హాయిగా ఉన్న అదే చోటు ఇప్పుడు గొయ్యిలా ఉంది. లిఫ్టాయన తలుపు మీద దబదబా బాదాడు. "ఎవరండీ అక్కడ! మేనేజరు గారితో చెప్పండి! ఫోన్ చేయొద్దనండి! ఆయనకి ఉద్యోగం లేదు!"

పైన చెవి రెడీగా ఉంది. ఫ్యాను గరగరలో ఆ చెవికి అందినవి రెండే ముక్కలు: ఫోన్, ఉద్యోగం లేదు. పెద్ద గుమాస్తా ఒక్క అంగలో మెట్లెక్కి మేనేజరు గారి గదిలో పడ్డాడు. "ఫోన్ చెయ్యకపోతే ఉద్యోగం లేదంటున్నాడండి! లిఫ్టులోంచి పాపం ప్రాణం పోయేలా అరుస్తున్నాడు! త్వరగా!"

లిఫ్టు తనకి బుద్ధి పుట్టినప్పుడు కదిలింది. లిఫ్టాయన ఐదో అంతస్తులో దిగి పరిగెత్తేసరికి మేనేజరు గారు ఫోన్ కింద పెడుతున్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏ ఉత్తరానికీ ఏనాడూ జవాబివ్వని హెడ్డాఫీసు, ఫైలు గియిలు ఏమీ అక్కర్లేకుండా అక్కడికక్కడే ఒప్పేసుకుంది. సిబ్బంది త్యాగాన్ని మెచ్చుకుంది. ఈ నెల నుంచే అమలు చేస్తామంది. మిగతా ఆఫీసులన్నిటికీ మిమ్మల్నే ఆదర్శంగా చూపిస్తామని కూడా అంది.

లిఫ్టాయన జరిగిందంతా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టడానికైనా ఓపిక ఉండాలి. కాసేపటికి పెద్ద గుమాస్తా, "రేపు రాకపోతే ఏమవుతుంది?" అన్నాడు. "రాకపోతే ఉద్యోగం పోతుంది కదయ్యా," అన్నారు మేనేజరు గారు. అందరికీ సబబుగానే తోచింది.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో ఎంతసేపట్నుంచి నిలబడిందో. "ఉద్యోగం ఉందా?" అని అడిగింది.

"ఉంది."

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ఆయన మిగతాది చెప్పాడు. ఏమీ దాచలేదు. ఆ దిక్కుమాలిన మాట తన నోట ఎలా వచ్చిందో కూడా చెప్పాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఎదురు గోడకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఏడుస్తోందని ఆయనకి కాసేపటికి గాని తెలియలేదు. చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ వెనక్కి లాక్కోలేదు.

"రేపు కూడా వెళ్తారా?" అంది చివరికి.

"వెళ్తాను."

"పైసా రాదు కదా. ఇంకెందుకు?"

లిఫ్టాయన నోరు తెరిచాడు. పెదవుల చివరికి వచ్చేసిన మాటని పళ్ళ మధ్య బిగబట్టి లోపలికి మింగాడు. భార్య వంక చూశాడు. లేచి, అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ప్రజల భద్రత కోసమండి," అన్నాడు.

ఈసారి ఎక్కడా తడబడలేదు.